లంచం కాదండీ, జీతం!

మన దేశంలో ఫైలు కదలాలంటే చెయ్యి తడపాలి. పెళ్ళి కుదరాలంటే కట్నం తూకం వెయ్యాలి. దేవుడికి కొబ్బరికాయ కొట్టబోయే ముందు కూడా కోరిక ఫలానా అని చెవిలో వేసుకోవాలి. వీటిలో ఏ ఒక్కటీ మనకి తప్పుగా తోచదు. కానీ రెండు నెలల కుక్కపిల్ల, కూచోమనగానే కూచున్నందుకు, దాని నోటికి శనగగింజంత ఉడికించిన కోడిమాంసం ముక్క అందించి చూడండి. వీధి వీధంతా హరిశ్చంద్రులైపోతారు. "అదేమిటండీ, కుక్కకి లంచమిచ్చి నేర్పుతారా?" అంటారు.

ఈ మాట నేను ఏడాదిన్నరగా వింటున్నాను. పాలవాడు అన్నాడు. పొద్దున్నే నడకకి వచ్చే మిత్రులు అన్నారు. ఇద్దరు గుమాస్తాల చేత పని చేయించుకోవడానికి ఏం ఖర్చయిందో లెక్క రాసి పెట్టుకున్న మా బావమరిది సైతం అన్నాడు. వినీ వినీ ఇవాళ కలం పట్టుకున్నాను. నా దెబ్బలాట కుక్కల్ని పెంచని వాళ్ళతో కాదు. వాళ్ళ ధర్మాన వాళ్ళున్నారు. వేలకి వేలు పోసి కుక్కపిల్లని కొని, ఇంటికి తెచ్చిన వారంలోపల దాని మెడలో దానికంటే బరువైన గొలుసు వేసే పెద్దమనుషులతోనే నా పేచీ.

ముందు లంచం సంగతి తేల్చేద్దాం. లంచం ఎప్పుడిస్తాం? పని జరక్కముందు. జీతం ఎప్పుడిస్తారు? పని చేశాక. ఇంతే తేడా. కుక్కపిల్ల కూచున్నాక, పిలిస్తే వచ్చాక, చెప్పు వదిలేశాక ఇచ్చేది జీతం. ఒకటో తారీకున జీతం పడకపోతే రెండో తారీకున ఎంతమంది నవ్వుతూ ఆఫీసుకి వెళతారో గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి. మనకి లేని నిష్కామకర్మ కుక్కపిల్లకి ఉండాలనడం ఏం న్యాయం? దానికి భగవద్గీత ఎవరు చెప్పారు?

మొదటి నాలుగైదుసార్లు ముక్క ముందే చూపించే మాట నిజమే. పిల్ల ముక్కు దగ్గర పెట్టి, మెల్లగా నెత్తిమీదుగా వెనక్కి తీసుకువెళితే, దాని తల పైకి లేస్తుంది, వెనకభాగం దానంతటదే నేలకి ఆనుతుంది. కూచుంది! ఆ క్షణంలోనే "శభాష్" అని ముక్క ఇవ్వాలి. ఇది లంచం కాదు. అక్షరాభ్యాసంనాడు చెయ్యి పట్టుకుని ఓనమాలు దిద్దించడం. ఆరోసారికి చేతిలో ముక్క ఉండదు, చెయ్యి మాత్రం అలాగే కదులుతుంది. కూచున్నాక ముక్క జేబులోంచి వస్తుంది. పలక మీద చెయ్యి పట్టుకుని దిద్దించిన తల్లి, అబ్బాయి డిగ్రీ పరీక్షకి కూడా వెళ్ళి చెయ్యి పట్టుకోదు కదా!

ఇప్పుడు గొలుసు సంగతి. మా ఎదురింటివారు ఒక జర్మన్ షెపర్డ్ పిల్లని తెచ్చారు. యాభై రోజుల పిల్ల. పేరు టైగర్. వచ్చిన మూడోనాడే మెడలో ఇనపగొలుసు పడింది. పుంగనూరు ఆవుని కట్టడానికైనా సరిపోయే గొలుసు. వారానికి మూడు రోజులు ఒక ట్రెయినరు వచ్చేవాడు. గొలుసు పట్టుకుని నడిపించడం, పిల్ల అటో ఇటో జరిగితే ఒక్క గుంజు గుంజడం. అది కుయ్యోమంటే, "అయిపోయింది, నేర్చుకుంటోంది" అనడం. ఇదీ చదువు. ఒకనాడు ఉండబట్టలేక అడిగాను.

"బాబూ, అంత పసిదాన్ని అలా గుంజుతావెందుకు?"

"భయముండాలి మాస్టారూ! కుక్కకి భయం లేకపోతే నెత్తికెక్కుతుంది. ఇంటికి మనమే లీడర్లమని దానికి తెలియాలి."

పది రోజులయ్యేసరికి అతని స్కూటరు చప్పుడు వీధి మలుపులో వినపడగానే టైగరు ఉన్నచోటనే ఉచ్చ పోసేసేది. "చూశారా, ఎంత క్రమశిక్షణో!" అన్నాడతను. ఎదురింటాయన కూడా సంతోషించాడు. డబ్బిచ్చినందుకు ఏదో ఒకటి కనపడింది మరి!

నేను ముప్ఫై మూడేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినవాణ్ణి. పక్క క్లాసులో మాస్టారు బల్ల మీద బెత్తం కొడితే, నా క్లాసులో పిల్లలు ఏడో ఎక్కం మరిచిపోయేవారు. బెత్తం వాళ్ళ మీద పడలేదు, చప్పుడు మాత్రమే వచ్చింది. భయం వచ్చిన బుర్రలోకి చదువు రాదు. ఈ సంగతి మన ప్రభుత్వానికి కూడా తెలిసొచ్చి, 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షనులో బడిపిల్లల్ని కొట్టకూడదని రాసింది. మనిషి పిల్లకి తప్పయినది కుక్కపిల్లకి విద్య ఎలా అవుతుంది?

"లీడరు" మాటకి కూడా ఒక చరిత్ర ఉంది. ఎక్కడెక్కడివో తోడేళ్ళని తెచ్చి ఒక దొడ్లో పెట్టి, అవి పోట్లాడుకుంటుంటే చూసి, రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన 1947లో ఒక సిద్ధాంతం రాశాడు. మందకి ఒక దొర ఉంటాడనీ, వాడు అందర్నీ అణచి ఉంచుతాడనీ జనం దాన్నుంచి అర్థం చేసుకున్నారు. డేవిడ్ మెచ్ అనే తోడేళ్ళ శాస్త్రవేత్త 1970లో రాసిన పుస్తకంతో ఆ మాట ఊరూరా పాకింది. ఆ మెచ్ గారే తర్వాత అడవిలో ఏళ్ళ తరబడి చూసి, 1999లో వేరేమాట రాశాడు. అడవిలో తోడేళ్ళ మంద అంటే అమ్మా, నాన్నా, వాళ్ళ పిల్లలూ, అంతే. అక్కడ దొరతనమంటే తల్లిదండ్రుల పెద్దరికమే. రాసినాయన సర్దుకున్నాడు, మన ట్రెయినర్లు మాత్రం ఇంకా మొదటి పుస్తకంలోనే ఉన్నారు.

గుంజుడు చదువు కూడా మన ఇళ్ళల్లో పుట్టింది కాదు. 1910లో జర్మనీలో కొన్రాడ్ మోస్ట్ అనే పోలీసు అధికారి శిక్షణ మీద పుస్తకం రాశాడు. పోలీసు పనికి, ఆ తర్వాత యుద్ధానికి, పెద్ద కుక్కల్ని తయారుచెయ్యడానికి ఉపయోగించిన పద్ధతులవి. పటాలానికి పెట్టిన కవాతుని మనం ఉయ్యాల్లో పిల్లకి పెడుతున్నాం.

మన శాస్త్రాల్లో ఉందండీ అంటారు మరికొందరు. కర్రకి పది గుణాలున్నాయని చెప్పే సంస్కృత శ్లోకం అప్పగిస్తారు. ఆ జాబితాలో కుక్క ఉన్న మాట నిజమే. అయితే అయ్యా, కుక్క పక్కన ఎవరున్నారో చూడండి. పాము ఉంది, శత్రువు ఉన్నాడు. మీద పడబోయేవాటిని అదిలించడానికి కర్ర పనికొస్తుందని దానర్థం. అదే జాబితాలో బురద ఉంది, చీకటి ఉంది, ముసలితనం కూడా ఉంది. బురదకి పాఠం చెప్పడానికా అక్కడ కర్ర? శ్లోకంలో ఎక్కడా కర్రతో కుక్కకి చదువు చెప్పమని లేదు.

ఇంకొకాయన సుమతీ శతకం తీశాడు. బంగారు సింహాసనమ్మీద కూర్చోబెట్టినా కుక్క పాతగుణం మానదట. మానదు మరి! శుభలగ్నం చూసి సింహాసనమ్మీద కూర్చోబెట్టారే గాని, దానికి ఎవరైనా ఏదైనా నేర్పారా? ఏమీ నేర్పకుండా పదవిలో కూర్చోబెడితే మనుషులు మాత్రం మారుతున్నారా?

శాస్త్రమే కావాలంటే భారతం మొదట్లోకి వెళదాం. నన్నయగారు మనకి తెలుగు చేసిపెట్టిన కథే. జనమేజయుడు సత్రయాగం చేస్తున్నాడు. దేవతల కుక్క సరమ కొడుకు అక్కడ ఆడుకుంటూ వచ్చాడు. రాజుగారి తమ్ముళ్ళు వాణ్ణి చావగొట్టారు. ఏడుస్తూ వెళ్ళిన పిల్లణ్ణి తల్లి అడిగింది, నువ్వేమైనా తప్పు చేశావేమోనని. హవిస్సు ముట్టుకోలేదు, కన్నెత్తి చూడను కూడా లేదన్నాడు వాడు. సరమ నేరుగా రాజు దగ్గరికి వెళ్ళి, తప్పు చెయ్యనివాణ్ణి కొట్టారు గనక అనుకోని ఆపద వస్తుంది పొమ్మంది. అంతటి చక్రవర్తి ఆ మాటకి హడలిపోయి, శాంతి చేయించడానికి పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరాడు. గొలుసు గుంజిన ప్రతిసారీ కుక్కపిల్ల అడిగేది సరమ అడిగిన ప్రశ్నే: నేనేం చేశానని? రెండు నిమిషాల కిందట తివాచీ తడిపినందుకు ఇప్పుడు దెబ్బ పడితే దానికి తెలిసేదల్లా నువ్వొస్తే దెబ్బ పడుతుందని. తివాచీ ఊసే దానికి తట్టదు.

కొత్తకాలపు శాస్త్రం కూడా సరమ పక్షమే. 1898లోనే థార్న్‌డైక్ అనే అమెరికా పండితుడు పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి, బయట తిండి ఉంచి పరీక్షించాడు. ఏ పని చేస్తే తిండి దొరికిందో ఆ పనిని పిల్లి రానురాను తొందరగా చేసింది. ఫలితం బాగున్న పని మళ్ళీ మళ్ళీ చేస్తారన్నదే సారం. 1951లో స్కిన్నర్ అనే ఆయన, మామూలు ఇల్లాళ్ళు కూడా వంటింట్లో తిండిముక్కలతో కుక్కకి విద్య నేర్పవచ్చని ఒక పత్రికలో వ్యాసమే రాశాడు. సముద్రపు డాల్ఫిన్లకి నేర్పేవాళ్ళని చూడండి. గొలుసు వేస్తే నీళ్ళలోకి మునిగిపోతుంది, కొడదామంటే అందదు. అందుకని వాళ్ళకి దిక్కు ఒక ఈలా, ఒక బుట్టెడు చేపలూను. ఆ పనిలో ఆరితేరిన కారెన్ ప్రయర్ అనే ఆవిడ 1984లో రాసిన పుస్తకం చదివాకనే చాలామంది కుక్కలవాళ్ళకి కళ్ళు తెరుచుకున్నాయి. 2020లో పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల్ని పరీక్షించారు. దండించి నేర్పే బళ్ళలోని కుక్కలు మాటిమాటికీ పెదాలు నాక్కుంటూ, ఆవలిస్తూ బెదిరిన లక్షణాలు ఎక్కువ చూపాయి. పాఠం అయ్యాక వాటి లాలాజలంలో ఆందోళన తెలిపే హార్మోను పెరిగింది. తాయిలంతో నేర్చిన కుక్కలు హాయిగా ఉన్నాయి.

పట్టీ ఎందుకు తేలికగా ఉండాలి? మెడ అనేది గొంతూ, ఊపిరిగొట్టమూ, నరాలూ పోయే దారి. మెడ బెల్టు మీద కుక్క బలంగా లాగితే కంట్లో ఒత్తిడి పెరుగుతుందనీ, ఛాతీకి తొడిగే బెల్టుతో అలా పెరగదనీ 2006లో ఒక పరిశోధనలో తేలింది. అయినా ఒంటికి తగిలే దెబ్బకంటే మనసుకి తగిలేది పెద్దది. కుక్కపిల్లకి మూడో వారం నుంచి పన్నెండు పద్నాలుగు వారాల దాకా లోకాన్ని పరిచయం చేసుకునే వయసు. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు ఏళ్ళ తరబడి కుక్కపిల్లల్ని పెంచి చూసి 1965లో ఈ సంగతి పుస్తకంగా వేశారు. ఆ వయసులో సైకిలు మీద వెళ్ళే కుర్రవాణ్ణి చూసి పిల్ల తోకాడిస్తూ ముందుకి దూకుతుంది. మనం గొలుసు గుంజుతాం. మెడ నొస్తుంది. అలా పదిసార్లు జరిగితే దానికి అర్థమయ్యేది ఒక్కటే: కుర్రవాడు కనపడితే మెడ నొస్తుంది. పదకొండోసారి అది తోకాడించదు, పళ్ళు చూపిస్తుంది. అప్పుడు మనం "జాతి లక్షణం" అంటాం. ఆ జాతిని తయారుచేసింది మన చెయ్యే.

తేలికపాటి నూలు పట్టీ, నాలుగైదు అడుగులది, చాలు. మొదట ఇంట్లోనే కట్టి, మీ కళ్ళ ముందే కాసేపు ఈడ్చుకు తిరగనివ్వండి. దానికి అలవాటయ్యాక కొస పట్టుకోండి. పిల్ల లాగిందా, మీరు చెట్టులా నిలబడిపోండి. తిట్టొద్దు, గుంజొద్దు. అది ఏమైందా అని వెనక్కి చూస్తుంది, పట్టీ వదులవుతుంది. అప్పుడు "శభాష్", ఒక ముక్క, మళ్ళీ నడక. లాగితే లోకం ఆగుతుంది, వదులైతే లోకం కదులుతుంది. ఇంతకంటే సులువైన లెక్క నేను నా సర్వీసులో ఎవరికీ చెప్పలేదు. మొదటి రోజు ఇంటిగేటు నుంచి కిరాణా కొట్టుకి వెళ్ళడానికి ఇరవై నిమిషాలు పడితే పట్టనివ్వండి. మనకి మాత్రం అంత కొంపలు మునిగే పనులేం ఉన్నాయి? టీకాలు పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే నేల మీద దింపొద్దు. చేతుల్లో ఎత్తుకుని లోకం చూపించండి. బస్సు చప్పుడు, గొడుగు వేసుకున్న మనిషి, బూరలమ్మే వాడు, అన్నీ చూడనివ్వండి.

పాఠం మూడు నిమిషాలు మించొద్దు, రోజుకి నాలుగైదుసార్లు. పని జరిగిన సెకనులోపలే ముక్క అందాలి. ఆలస్యమైతే అది ఆ తర్వాత చేసిన పనికి జీతమనుకుంటుంది. మొరుగుతుంటే నోరు మూయించడానికి ముక్క పెడితే మొరగడం నేర్చుకుంటుంది. ఇది తాయిలం తప్పు కాదు, పెట్టిన చెయ్యి తప్పు. పిలిచి తిట్టకండి, ఎన్నడూ. పిలిస్తే వచ్చి దెబ్బలు తిన్నవాడు మళ్ళీ పిలిస్తే రాడు. ఉడికించిన కోడిమాంసం, గుడ్డుముక్క, ఏదైనా సరే, శనగగింజంత. ఉల్లిపాయ, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ మాత్రం వాటికి విషం. పెట్టిన తాయిలం మేరకి పూటతిండి తగ్గిస్తే ఒళ్ళు రాదు. చెప్పులు కొరుకుతుందంటారా, ఆ ఫిర్యాదు వేమన కాలం నుంచీ ఉన్నదే. నాలుగో నెల నుంచి పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి, చిగుళ్ళు దురద. చెప్పు లోపల పెట్టుకుని, దానికి కొరుక్కునే వస్తువు ఒకటి ఇచ్చి, అది కొరికితే మెచ్చుకోండి.

"తిండి లేకపోతే మాట వినదండీ" అనేది చివరి అస్త్రం. వింటుంది. నేర్చుకునేప్పుడు ప్రతిసారీ ఇవ్వాలి. వచ్చాక రెండుసార్లకొకటి, అయిదుసార్లకొకటి, ఎప్పుడిస్తామో దానికి తెలియకుండా ఇవ్వాలి. లాటరీ టిక్కెట్లు కొన్నవాళ్ళకి ఆశ ఎలా ఉంటుందో వాళ్ళకి చెప్పనక్కర్లేదు. "కాపలాకుక్క కదండీ, మెత్తనైపోతుంది" అంటారా? బాంబులు వాసన పట్టే జాగిలాలకి కూడా జీతం ఉంది. వాసన పట్టగానే ఒక బంతో, ఒక ముక్కో దొరుకుతుంది. వాటికంటే కష్టమైన ఉద్యోగమా మీ గేటు దగ్గర కూచోవడం?

ఇంత ఆవేశం ఎందుకంటే, టైగరుకిప్పుడు పద్నాలుగు నెలలు. మెట్ల కింద అదే గొలుసు. గ్యాసు కుర్రాడి పంట్లాం పట్టుకుంది. కరెంటు మీటరు చూసే మనిషి గేటు బయటనుంచే కేకేస్తాడు. ఎదురింటాయన, "ఎవరైనా తీసుకుంటే ఇచ్చేస్తాను మాస్టారూ, లేకపోతే బైపాసు దాటించి వదిలేస్తాను" అంటున్నాడు. ఆయన దుర్మార్గుడు కాడు. డబ్బు పోసి తప్పుడు చదువు కొన్నవాడు. ఆ చదువు చెప్పినవాడు ఇప్పుడు ఇంకో వీధిలో ఇంకో పిల్లని గుంజుతూ ఉంటాడు.

నేనాయనతో చెప్పినది ఇక్కడ కూడా చెబుతున్నాను. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను చదవండి. తగని బరువుగల, తగనంత పొట్టి గొలుసుతో జంతువుని అదేపనిగా కట్టి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కని తగినట్టు తిప్పకపోవడం నేరం. ఆకలిదప్పులకి వదిలేసి పోవడమూ నేరమే. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. టీ ఖర్చు! అంచేత చట్టం చూసి భయపడి కుక్కని బాగా చూసుకునే అవసరం ఎవరికీ లేదు. భయంతో ఎవరూ ఏమీ నేర్చుకోరని నా వాదన గనక, ఆ విషయంలో చట్టాన్ని తప్పు పట్టలేను.

నెల్లాళ్ళుగా సాయంత్రాలు నేను ఆ గేటు దగ్గరికి వెళ్ళి, టైగరు కళ్ళలోకి సూటిగా చూడకుండా, గుడ్డుముక్కలు విసిరి వస్తున్నాను. మొదటివారం మీదికి ఎగిరింది. ఇప్పుడు నన్ను చూసి కూచుంటోంది. ఇంకా ముట్టుకోలేదు, ముట్టుకోను కూడా. పళ్ళు చూపించిన కుక్కని పశువైద్యుడు పరీక్షించాలి, తెలిసినవాళ్ళు నెమ్మదిగా మళ్ళించాలి. అందుకు ఎన్ని నెలలు పడుతుందో, ఎదురింటాయన అన్ని నెలలు ఆగుతాడో లేదో. పిల్లగా ఉన్నప్పుడైతే పావుకిలో కోడిమాంసంతోనూ, ఒక నూలుపట్టీతోనూ అయిపోయే పని ఇది.

కనక ఈ ఆదివారం కుక్కపిల్లని తేబోతున్న అయ్యల్లారా, అమ్మల్లారా! కొట్టువాడు గొలుసు కూడా తీసుకోమంటాడు. వద్దనండి. దాని డబ్బుతో గుడ్లు కొనండి. ఎవరైనా లంచమంటే, వాళ్ళ జీతమెంతో మర్యాదగా అడగండి.